గల్ఫ్ ఫ్రీజర్‌లో బ్రెజిల్ కోడి: దిగుమతి మాంసం ఎందుకు చౌక?

దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఏ పెద్ద సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా కోడిమాంసం రెండు చోట్ల కనిపిస్తుంది. చల్లటి అరలో స్థానిక కంపెనీల తాజా కోడి ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టిన కిలో, కిలో పావు కోళ్లుంటాయి. వాటిలో చాలా కవర్ల మీద బ్రెజిల్ పేరుంటుంది. దాదాపు 15,000 కిలోమీటర్లు ఓడలో వచ్చిన ఆ రెండో కోడే చౌక. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి వెళ్లిన కార్మికులుండే క్యాంపుల మెస్సుల్లోకి, చిన్న హోటళ్లలోకి వెళ్లేది ఎక్కువగా ఇదే.

దీనికి మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. అక్కడ కూలీ తక్కువని ఒకటి, సరుకు నాసిరకమని ఇంకొకటి. రెండూ అసలు విషయాన్ని అందుకోవు. దిగుమతి మాంసం అంతా ఒకే కారణంతో చౌక కాదు. బ్రెజిల్ నుంచి గల్ఫ్‌కు వచ్చే నిండు కోడి చౌకగా ఉండటానికి ఒక కారణం. అమెరికా నుంచి ఆఫ్రికాకు వెళ్లే లెగ్ పీస్ చౌకగా ఉండటానికి పూర్తిగా వేరే కారణం. ఈ తేడా తెలియకుండా దిగుమతి మంచిదా చెడ్డదా అని వాదిస్తే ఆ వాదన ఎటూ తేలదు.

ముందు బ్రెజిల్ సంగతి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల చేతిలో డబ్బు ఆడింది. తినేవాళ్లు పెరిగారు, పండించే నేల మాత్రం లేదు. బ్రెజిల్ తొలిసారి నిండు కోళ్లను ఎగుమతి చేసింది 1975లో, కువైట్‌కే. దక్షిణాన ఉన్న శాంటా కాటరీనా రాష్ట్రంలో 1944లో పుట్టిన సాదియా కంపెనీ ఆ వ్యాపారంలో ముందు నిలిచింది. అరబ్బు వంటకు, గ్రిల్‌కు సరిపోయేలా చిన్న కోడి కావాలన్నారు. ఆ సైజుకే పెంచి, హలాల్ పద్ధతిలో కోసి, గడ్డకట్టించి పంపడం మొదలైంది. 2009లో సాదియా తన పాత పోటీదారు పెర్దిగావ్‌తో కలిసి బీఆర్‌ఎఫ్ అయింది. 2014లో ఆ కంపెనీ అబుదాబిలోనే ఒక ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ పెట్టింది. కోడిమాంసం ఎగుమతిలో బ్రెజిల్ 2004లో అమెరికాను దాటింది. ఇప్పుడు ఏటా సుమారు 50 లక్షల టన్నులు పంపుతోంది. ప్రపంచ ఎగుమతుల్లో ఇది మూడో వంతుకు పైనే.

ఇంత పైచేయి ఎలా వచ్చింది? కోడి జాతి వల్ల కాదు. బ్రెజిల్ షెడ్డులో పెరిగేది, సౌదీ షెడ్డులో పెరిగేది, మన గోదావరి జిల్లాల్లో బాయిలర్ షెడ్డులో పెరిగేది దాదాపు ఒకే వంశం. ప్రపంచ బాయిలర్ కోళ్లలో అత్యధిక భాగం కాబ్, రాస్ అనే రెండు జాతి పేర్ల కిందికే వస్తాయి. తల్లికోళ్లను అమ్మే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. షెడ్డు యంత్రాలు, టీకాలు, దాణా సూత్రాలు కూడా ఎవరు కొన్నా దొరికేవే. సుమారు ఆరు వారాల్లో రెండున్నర కిలోలకు చేరే కోడి ఇవాళ ఏ దేశానికీ రహస్యం కాదు.

తేడా అంతా దాణాలో ఉంది. బాయిలర్ పెంపకం ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాదే. ఆ దాణాలో ముప్పాతిక వంతుకు పైగా మొక్కజొన్న, సోయా చెక్క (సోయా నుంచి నూనె తీశాక మిగిలే పిండి). ఒక కిలో బరువు పెరగడానికి కోడి సుమారు 1.6, 1.7 కిలోల దాణా తింటుంది. ఈకలు, పేగులు, తలకాయ పోగా మిగిలే మాంసం లెక్కన చూస్తే కిలోకు రెండు కిలోలకు పైగా దాణా పడుతుంది. అంటే గల్ఫ్ దేశం ఒక కిలో కోడిని తెచ్చుకున్నప్పుడు, రెండు కిలోల పైచిలుకు గింజలను, వాటిని పండించిన నీళ్లను కూడా తెచ్చుకున్నట్టే.

బ్రెజిల్ ప్రపంచంలోనే అత్యధికంగా సోయా పండించే దేశం. మొక్కజొన్నలో అమెరికా, చైనాల తర్వాత మూడో స్థానం దానిది. అసలు బలం మాత్రం ఈ ర్యాంకుల కన్నా పంటల వరసలో ఉంది. మాతో గ్రోసో లాంటి రాష్ట్రాల్లో సెప్టెంబర్, అక్టోబర్‌లలో సోయా వేస్తారు. జనవరి, ఫిబ్రవరిలలో కోత. కోత యంత్రం వెనకాలే విత్తే యంత్రం నడుస్తుంది, అదే నేలలో వెంటనే మొక్కజొన్న పడుతుంది. ఈ రెండో పంట చాలావరకు వాన మీదే పండుతుంది. ఒకప్పుడు చిన్న పంట అనుకున్న ఈ రెండో పంటే ఇప్పుడు ఆ దేశపు మొక్కజొన్నలో దాదాపు ముప్పాతిక వంతు. దీని వెనుక 1973లో ఏర్పడిన ఎంబ్రాపా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ కృషి ఉంది. మధ్య బ్రెజిల్‌లోని సెరాడో అనే గడ్డి మైదానాల ఆమ్ల నేలలకు సున్నం పట్టించి, వేడి ప్రాంతంలో పండే సోయా రకాలను తయారు చేసింది ఆ సంస్థే. బ్రెజిల్ కోడి చౌకదనానికి ప్రైవేటు కంపెనీల తెలివితేటలే కారణమని చెప్పేవాళ్లు ఈ ప్రభుత్వ పెట్టుబడిని మరచిపోకూడదు.

ఆ గింజలు దక్షిణాదిలోని పరానా, శాంటా కాటరీనా రాష్ట్రాలకు వస్తాయి. కోళ్లు పెరిగేది ప్రధానంగా అక్కడే, ఇటలీ, జర్మనీల నుంచి వలస వచ్చిన కుటుంబాల చిన్న కమతాల్లో. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కోడి ఎదిగాక కంపెనీ లారీయే వచ్చి ఎత్తుకుపోతుంది. రైతు చేతికి పెంపకం కూలీ అందుతుంది. తెలుగు జిల్లాల్లో ‘ఇంటిగ్రేషన్’ అని పిలిచే పద్ధతి ఇదే. అక్కడ ఇది 1960లలోనే వేళ్లూనుకుంది. హేచరీ, దాణా మిల్లు, కోత ఫ్యాక్టరీ, పరనగువా, ఇటాజాయీ లాంటి రేవులు, ఇవన్నీ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉండటంతో గింజ నుంచి కంటైనర్ దాకా మధ్యలో తినేసే చేతులు తక్కువ.

ఓడ ఖర్చు మాటేమిటి? జనం అనుకున్నంత ఉండదు. పెద్ద రిఫ్రిజిరేటెడ్ కంటైనర్‌లో 25 టన్నులకు పైగా మాంసం పడుతుంది. దాని అద్దె 4,000 డాలర్లు అనుకున్నా కిలోకు పడేది 16 సెంట్లు. నెల రోజులకు పైబడిన ప్రయాణంలో మైనస్ 18 డిగ్రీల దగ్గర మాంసం చెక్కుచెదరదు. అయితే గింజలను ఓడలో గుట్టగా పోసి తెచ్చుకోవడం టన్నుకు ఇంకా చౌక. ఆ లెక్కన గింజలే తెచ్చుకుని సౌదీలోనే కోళ్లను పెంచుకోవచ్చు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. పెంచుతున్నారు కూడా. కానీ 45 డిగ్రీలు దాటే ఎండలో షెడ్డును చల్లగా ఉంచాలి. నీళ్లు సముద్రం నుంచి తీసి ఉప్పు వేరుచేసినవో, తిరిగి నిండని లోతైన భూగర్భ జలాలో కావాలి. కూలీలను, పశువైద్యులను బయటి నుంచి తెచ్చుకోవాలి. గింజల మీద మిగిలిన డబ్బు చాలావరకు వీటికే పోతుంది. ఒకప్పుడు ఎడారిలో గోధుమ పండించి ఎగుమతి కూడా చేసిన సౌదీ, నీళ్లు తరిగిపోతున్నాయని 2016 నాటికి స్థానిక గోధుమ కొనుగోలునే ఆపేసింది. దాణా పంటల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

కరెన్సీ కూడా ఇక్కడ పెద్ద పాత్రే పోషిస్తుంది. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర కట్టేసి ఉంది. బ్రెజిల్ రియల్ మాత్రం 2012 ప్రాంతంలో డాలరుకు రెండు చొప్పున ఉండేది, 2020 తర్వాత ఐదు దాటింది. గింజల ధర డాలరుతో పాటే నడుస్తుంది కాబట్టి అక్కడ లాభం తక్కువే. కానీ ఫ్యాక్టరీ జీతాలు, రైతు కూలీ, స్థానిక రవాణా లాంటి ఖర్చులు డాలర్లలో చూస్తే తగ్గాయి. గల్ఫ్ కొనుగోలుదారుకు ఈ మార్పు ఊరకనే కలిసివచ్చింది.

ఇంతవరకు చెప్పినది నిజమైన చౌకదనం. వాన, నేల, పరిశోధన, పద్ధతి ఇచ్చినది. దీనిలోనూ ఎవరో మోస్తున్న బరువు ఉంది. సోయా కోసం అమెజాన్ అడవిని కొత్తగా నరకకూడదని 2006లో వ్యాపార సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి, సెరాడోకు మాత్రం అలాంటి రక్షణ లేకపోయింది. అక్కడి సహజ వృక్షాలు ఏళ్ల తరబడి పొలాలుగా మారుతూనే వచ్చాయి. కోత ఫ్యాక్టరీల చలిలో, కోళ్లను మోసుకొచ్చే గొలుసు వేగానికి తగ్గట్టు ఒకే కోతను రోజుకు వేలసార్లు కోసే కార్మికుల మణికట్లు, భుజాలు దెబ్బతింటున్నాయని గుర్తించి 2013లో బ్రెజిల్ ప్రభుత్వం మాంసం ఫ్యాక్టరీలకు విరామాల నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. ఆ నొప్పి ఖరీదు కవరు మీది ధరలో ఎప్పుడూ పూర్తిగా చేరలేదు.

ఇక ఇంకో రకం చౌకదనం ఉంది. అది ఖజానా నుంచి వచ్చేది. గల్ఫ్ ఫ్రీజర్లలో బ్రెజిల్‌తో దీటుగా చాలాకాలం ఫ్రాన్స్ కోడి కూడా ఉండేది. బ్రిటనీ ప్రాంతపు డూ, టిల్లీ సబ్కో కంపెనీలు దాన్ని పంపేవి. ఐరోపా దాణా, ఐరోపా జీతాలతో పెంచిన కోడి బ్రెజిల్‌తో పోటీపడగలిగిందంటే కారణం ఐరోపా యూనియన్ ఎగుమతి రాయితీ. 2013 జులైలో ఆ రాయితీని సున్నా చేశారు. డూ కంపెనీ అప్పటికే, 2012లో, అప్పులతో కోర్టు రక్షణ కిందికి వెళ్లింది. రాయితీ పోయాక బ్రిటనీ ఫ్యాక్టరీల్లో కార్మికులు రోడ్డెక్కారు. కొనేవాడికి బ్రెజిల్ కోడి, ఫ్రాన్స్ కోడి పక్కపక్కన ఒకేలా చౌకగా కనిపించాయి. ఒకదాని వెనుక పొలం ఉంది, రెండోదాని వెనుక పన్ను చెల్లించే జనం ఉన్నారు. ధరను మాత్రమే చూస్తే ఈ తేడా కనిపించదు.

అన్నిటికన్నా చిక్కయినది అమెరికా లెగ్ పీస్ వ్యవహారం. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

అమెరికా జనం బ్రెస్ట్ ఇష్టపడతారు, ఆ తర్వాత వింగ్స్. ఎముకతో కూడిన కాలు వాళ్లకు రెండో తరగతి. బ్రెస్ట్ కోసమే కోడిని పెద్దగా పెంచుతారు. కానీ ప్రతి కోడికీ రెండు కాళ్లుంటాయి, వాటిని ఏదో ఒకటి చేయాలి. కాబట్టి అక్కడ లెగ్ క్వార్టర్ (తొడతో కలిపి ఉన్న కాలు) టోకు ధర తరచూ బ్రెస్ట్ ధరలో సగానికీ తక్కువ. బ్రెస్ట్ అమ్మకంతోనే కోడి ఖర్చు చాలావరకు వచ్చేస్తుంది, కాలుకు ఎంత వచ్చినా లాభమే. తెలుగువాళ్లు బిర్యానీలో లెగ్ పీస్ కోసం పోటీ పడతారు. అదే ముక్క అక్కడ మిగులు సరుకు. ఈ అభిరుచి తేడా నుంచే ఒక ప్రపంచ వ్యాపారం పుట్టింది. సోవియట్ యూనియన్ చివరి రోజుల్లో, 1990 ప్రాంతంలో, అమెరికా నుంచి వచ్చిపడిన కాళ్లను అక్కడి జనం ‘బుష్ కాళ్లు’ అని అప్పటి అమెరికా అధ్యక్షుడి పేరుతో పిలిచారు.

మరి ఇది డంపింగా, అంటే సరుకును ఖర్చు కన్నా తక్కువ ధరకు వేరే దేశంలో కుమ్మరించడమా? ఇక్కడే చిక్కుముడి. కోడిని పెంచిన ఖర్చును ముక్కల మధ్య ఎలా పంచాలి? బరువు ప్రకారం పంచితే కిలో కాలుకూ, కిలో బ్రెస్ట్‌కూ ఒకే ఖర్చు పడుతుంది, అప్పుడు కాలును ఖర్చు కన్నా తక్కువకు అమ్ముతున్నట్టు తేలుతుంది. అమ్ముడుపోయే విలువ ప్రకారం పంచితే కాలు మీద పడే ఖర్చే తక్కువ, డంపింగ్ మాయమవుతుంది. 2010లో అమెరికా కోడి మీద చైనా యాంటీ డంపింగ్ సుంకం వేసినప్పుడు తగువు సరిగ్గా దీని మీదే నడిచింది. అమెరికాలో పెద్దగా తినని కోడి పాదాలు చైనాలో ఇష్టమైన తినుబండారం. వాటికి బరువు లెక్కన ఖర్చు కడితే అంకె ఎక్కడికో పోతుంది. 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ చైనా ఖర్చులు పంచిన తీరును తప్పుపట్టింది. దక్షిణాఫ్రికా మాత్రం 2000 నుంచి అమెరికా ఎముక ముక్కల మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తూ వచ్చింది. 2015లో అమెరికా వాణిజ్య రాయితీలు పోతాయన్న ఒత్తిడి వచ్చాక ఏటా 65,000 టన్నులను ఆ సుంకం లేకుండా రానివ్వడానికి ఒప్పుకుంది.

అకౌంటెంట్ల లెక్కలో డంపింగ్ ఉందో లేదో కానీ, దిగుమతి చేసుకునే దేశపు రైతుకు ఫలితం ఒకటే. అతను కోడిని కాలు ఒక్కటిగా పెంచలేడు. నిండు కోడిని పెంచిన ఖర్చుతో అతను పోటీ పడాల్సింది, ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్న ముక్కతో. ఎంత సమర్థంగా పెంచినా ఆ పోటీలో గెలుపు లేదు. ఘనాలో జరిగింది ఇదే. ఐరోపా, అమెరికా, బ్రెజిల్‌ల నుంచి గడ్డకట్టిన ముక్కలు వెల్లువెత్తడంతో స్థానిక ఫారాలు మూతపడుతూ వచ్చాయి. 2003లో ఆ దేశ పార్లమెంటు కోడిమాంసంపై సుంకాన్ని 20 నుంచి 40 శాతానికి పెంచింది. అంతర్జాతీయ ద్రవ్య నిధి అభ్యంతరాల నేపథ్యంలో ప్రభుత్వం దాన్ని వెంటనే నిలిపేసింది. బ్రెజిల్ నిండు కోడి మీద సుంకం వేయాలా వద్దా అన్నది వాదించదగిన విషయం. మిగులు కాళ్ల మీద సుంకం వేయడాన్ని తప్పుపట్టడం మాత్రం అన్యాయం.

ముక్కల చౌకదనంలో నీళ్ల వాటా కూడా ఉంది. గడ్డకట్టించే ముందు ఉప్పునీటిని ఇంజెక్షన్‌తో ఎక్కిస్తే బరువు పెరుగుతుంది, కిలో ధర తగ్గినట్టు కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా 2016లో దీనికి నిండు కోడిలో 10 శాతం, ముక్కల్లో 15 శాతం అని హద్దు పెట్టింది. అక్కడి దేశీయ కంపెనీలు కూడా ఈ పని చేసేవి కాబట్టి దీన్ని దిగుమతుల నేరంగా మాత్రమే చూడలేం.

కవరు తిప్పి చూస్తే దేశం పేరు దొరుకుతుందనే నమ్మకమూ సగమే నిజం. ఐరోపా యూనియన్‌లో 2015 ఏప్రిల్ నుంచి పచ్చి కోడిమాంసం మీద ఎక్కడ పెంచారో, ఎక్కడ కోశారో రాయాలి. కానీ నగ్గెట్లు, వండి గడ్డకట్టించిన కర్రీలు, శాండ్‌విచ్‌లోని ముక్కలకు ఆ నిబంధన వర్తించదు. థాయ్‌లాండ్ కోడి ఎక్కువగా దాక్కునేది అక్కడే. 2004లో బర్డ్ ఫ్లూతో పచ్చి మాంసం ఎగుమతి ఆగిపోయినప్పుడు ఆ దేశం వండిన మాంసం వైపు మళ్లింది. తిరిగి తలుపులు తెరుచుకున్నా వండిన సరుకునే ప్రధాన వ్యాపారంగా నిలుపుకుంది.

ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 మేలో తెలిసింది. బ్రెజిల్‌లో వాణిజ్య ఫారంలో తొలిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది, రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలోని మాంటెనెగ్రో పట్టణంలో. చైనా, ఐరోపా యూనియన్ లాంటి పెద్ద కొనుగోలుదారులు దేశం మొత్తం నుంచి దిగుమతులు ఆపేశారు. కొన్ని దేశాలు ఆ ప్రాంతం వరకే నిషేధం పెట్టుకుని మిగతా సరుకు తెచ్చుకున్నాయి. అంతకుముందు 2017లో తనిఖీ అధికారులకు లంచాలిచ్చి మాంసం దాటిస్తున్నారంటూ బ్రెజిల్ పోలీసులు దాడులు చేసినప్పుడు కూడా దేశాలు ఇలాగే ఉలిక్కిపడ్డాయి. కోళ్లలో 80 శాతం సొంతంగా పెంచుకోవాలని సౌదీ ప్రభుత్వం 2025కు లక్ష్యం పెట్టుకుని పెట్టుబడి పెట్టింది ఈ భయంతోనే. ఆ కోడి దిగుమతి కోడి కన్నా ఖరీదని తెలిసే పెట్టింది.

భారత్ దగ్గరికి వస్తే బొమ్మ మారుతుంది. ఇక్కడ సూపర్‌మార్కెట్ ఫ్రీజర్ వాటా చిన్నది. ఎక్కువ మంది వీధి చివరి చికెన్ సెంటర్‌లో కళ్లముందు కోయించుకుంటారు. అయినా అమెరికా చూపు ఈ మార్కెట్ మీద ఉంది. బర్డ్ ఫ్లూ ఉన్న దేశాల నుంచి కోడిమాంసం రాకుండా భారత్ 2007లో పెట్టిన నిషేధాన్ని అమెరికా 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకు లాగింది. 2015 జూన్‌లో అప్పీలు కూడా భారత్ ఓడిపోయింది. తర్వాత ఏటా 45 కోట్ల డాలర్ల ప్రతీకార సుంకాలకు అమెరికా అనుమతి అడిగింది. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ జీ-20 సమావేశాల వేళ రాజీ కుదిరింది. గడ్డకట్టిన టర్కీ కోడి, బాతు మాంసం, కొన్ని పండ్ల మీద సుంకం తగ్గించడానికి భారత్ ఒప్పుకుంది. కోడి కాలు ఆ జాబితాలో లేదు.

మన కోడి రైతును ఇన్నాళ్లూ కాపాడింది ఆ కాలు మీది సుంకమే. నిండు కోడి మీద దిగుమతి సుంకం 30 శాతం, కాళ్లూ ఇతర ముక్కల మీద 100 శాతం. అసలు ప్రమాదం నిండు కోడి కాదని, వేరే దేశంలో ఖర్చు రాబట్టుకున్న ముక్క అని ఈ రెండు అంకెల తేడాయే చెబుతోంది. ఇది సరైన తేడా, నిలుపుకోవలసిన తేడా.

అయితే సుంకం గోడ ఎంత ఎత్తున్నా దాణా ధరను తగ్గించలేదు. బ్రెజిల్‌లో హెక్టారుకు మూడు టన్నులకు పైగా సోయా పండుతుంటే భారత్‌లో దశాబ్దాలుగా ఒక టన్ను దగ్గరే తచ్చాడుతోంది. మొక్కజొన్న అమెరికాలో 11 టన్నులు, బ్రెజిల్‌లో ఐదున్నర పైన, మన జాతీయ సగటు మూడున్నర చుట్టూ. 2021లో సోయా చెక్క ధర భగ్గుమన్నప్పుడు 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతివ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత మొక్కజొన్నను ఇథనాల్‌కు మళ్లించడంతో కోళ్ల రైతులు, ఇథనాల్ ఫ్యాక్టరీలు ఒకే గింజ కోసం పోటీ పడుతున్నారు. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో కొనుక్కునే స్థితికి వచ్చింది.

మన నేల ఇవ్వలేకపోవడం దీనికి కారణం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోశాక దున్నకుండానే వేసే రబీ మొక్కజొన్న దేశ సగటుకు దాదాపు రెట్టింపు పండుతోంది. బ్రెజిల్ రెండో పంటతో సాధించిన దానికి ఇది దగ్గరి చుట్టమే. వెనకబడింది సోయా. ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి రైతులు వానాకాలంలో, ఎక్కువగా వాన మీదే ఆధారపడి వేసే సోయాకు ఎంబ్రాపా చేసినంత పరిశోధన ఇక్కడ జరగలేదు. సుంకం గురించి జరిగే చర్చలో పదో వంతైనా ఈ విత్తనం గురించి జరగదు.

బాధ్యత పంపకం కూడా చూడాలి. దాణా ధర పెరిగినా, లైవ్ రేటు (బతికున్న కోడి ధర) పడిపోయినా ఇంటిగ్రేషన్ కంపెనీ నష్టాన్ని సర్దుకునే దారి ఒకటుంది, షెడ్లలో దించే పిల్లల బ్యాచ్‌లు తగ్గించడం. పిల్లలు దిగని షెడ్డు మీద కూడా బ్యాంకు కిస్తీ నడుస్తూనే ఉంటుంది, అది కట్టాల్సింది రైతే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు జబ్బు సోకని ఊళ్లలో కూడా అమ్మకాలు పడిపోయాయి. రేపు వాణిజ్య ఒప్పందంలో భాగంగా లెగ్ పీస్ సుంకం తగ్గినా దెబ్బ ముందు తగిలేది కంపెనీకి కాదు. దిగుమతి చేసుకుని తన బ్రాండు మీదే అమ్ముకునే వీలు కంపెనీకి ఉంటుంది. కాబట్టి సుంకం మీద మాట్లాడే ప్రతి బల్ల దగ్గరా హేచరీ కంపెనీల ప్రతినిధులతో పాటు షెడ్డు కట్టుకున్న రైతులకూ కుర్చీ వేయాలి. ఖాళీ బ్యాచ్‌కు కనీస పరిహారం ఎంతో ఒప్పంద పత్రంలోనే రాయించాలి.